ముందు షాఫ్టుకు నేను చెప్పని కొలత

పంజాగుట్టలో మా అపార్టుమెంటు సెల్లారులో, నా స్కూటీ పక్కన ఒక జీపు ఉంటుంది. అది మూడో అంతస్తులో ఉండే స్రవంతిది. సాఫ్ట్‌వేరు కంపెనీలో పని చేసే పిల్ల, ముప్ఫై దాటి ఉండవు. ఆదివారం వచ్చిందంటే జీపేసుకుని వికారాబాద్ వైపు గుట్టల్లోకి పోతుంది. సాయంత్రానికి తనూ జీపూ ఒకే రంగులో తిరిగొస్తారు. పోయిన నెల ఆ జీపును ఇంకో నాలుగు అంగుళాలు ఎత్తు చేయించింది, రాళ్ల మీద పోతుంటే అడుగు తగలకుండా. రెండో వారానికే ముందు వైపు నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. ఒకరోజు పొద్దున నేను పాలప్యాకెట్ కోసం కిందికి దిగేసరికి జీపు కింద నుంచి ఒక మెకానిక్ కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి, పక్కన స్రవంతి గొంతుక్కూర్చుని ఉంది.

మెకానిక్ బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, “ముందు షాఫ్టు పొట్టిగైంది మేడం. బండి ఎత్తయింది గద, అది అందుతలేదు. జర పెద్ద గుంతల పడ్డదంటె ఊడొస్తది. పొడుగు చేయించాలె,” అన్నాడు. “ఎవరు చేస్తారు అన్నా?” అని స్రవంతి అడిగింది. “సనత్‌నగర్‌ల మూర్తి సార్ అని ఉన్నడు. గీ పని మంచిగ చేసెటోడు ఆయనొక్కడే.”

నాకిప్పుడు అరవై మూడేళ్లు. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మోకాళ్లు నొప్పి, బీపీ మాత్రలు, మనవరాలి హోంవర్కు, ఇదీ నా జీవితం. అయినా ‘మంచిగ చేసెటోడు ఆయనొక్కడే’ అన్న మాట చెవిన పడగానే కడుపులో అదే పాత మంట లేచింది. ఇరవయ్యేళ్ల వయసులో ఎక్కడ మండిందో సరిగ్గా అక్కడే. “ఆయన నాకు తెలుసు,” అన్నాను. స్రవంతి ఆశ్చర్యపోయి నా వైపు తిరిగింది. “మీకెలా తెలుసు ఆంటీ?” “మా నాన్న దగ్గర నేర్చుకున్నాడు,” అన్నాను. మా నాన్న దగ్గర నేర్చుకోవలసింది నేను అని మాత్రం అనలేదు.

మా ఇల్లు అమీర్‌పేటలో ఉండేది. ఇప్పుడు మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి చూడండి, ఆ వెనక గల్లీల్లో ఒకటి మాది. ముందు రెండు గదులు, పక్కన ఒక పోర్షను, వెనక రేకుల షెడ్డు. షెడ్డులో లేతు మిషను. మా తాత దాకా నాగలి పట్టినవాళ్లే. నాన్న యాదగిరి మాత్రం పట్నం వచ్చి సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో లేతు పని నేర్చుకుని, తర్వాత సొంతంగా షెడ్డు వేసుకున్నాడు. లారీలవీ జీపులవీ షాఫ్టులు బాగుచేయడంలో ఆయనకు పేరుండేది. షాఫ్టు అంటే మరేం లేదు, గేరుబాక్సులోంచి బలాన్ని చక్రాల ఇరుసుకు మోసుకుపోయే బోలు ఇనుప గొట్టం. రెండు కొసలకూ రెండేసి చెవుల్లాంటి ముక్కలుంటాయి. మధ్యలో ఒక చోట గొట్టం గొట్టంలోకి జారుతుంది, బండి ఎగిరినప్పుడూ దిగినప్పుడూ పొడుగూ పొట్టీ కావడానికి. ఆ జారేచోట సందు ఎంత వదలాలన్నదే ఆ పనిలో ఉన్న విద్యంతా.

మా ఇంట్లో రెండు చీపుళ్లుండేవి. షెడ్డు చీపురు గడప దాటి లోపలికి రాకూడదని అమ్మ శాసనం. పొద్దున్నే అమ్మ వాకిలి చల్లి, ముగ్గు పెట్టి, ఆ రెండో చీపురుతో లేతు కింద రాలిన ఇనుప పొట్టు ఊడ్చేది. మురుకుల్లాగా చుట్టలు చుట్టుకుని నీలంగా మెరుస్తుండేది ఆ పొట్టు. చిన్నప్పుడు ఒకసారి గాజులనుకుని చేతికి వేసుకుని కోసుకున్నాను. లేతు మీద పోసే పాలలాంటి నూనెనీళ్లకు ఒక పుల్లటి వాసన. దాని మీదుగా పొయ్యి మీది జొన్నరొట్టె వాసన వచ్చేది. మధ్యాహ్నం నాన్న చేతులకు కిరసనాయిలు రాసుకుని, ఊకతో రుద్దుకుని, సబ్బుతో కడుక్కునేవాడు. అయినా గోళ్ల సందుల్లో వాసన ఉండిపోయేది. ఆయన కలిపి పెట్టిన ముద్దకు ఎప్పుడూ ఆ వాసనే. చాలా ఏళ్లు అది అన్నం వాసనే అనుకున్నాను.

షాఫ్టు లేతుకు ఎక్కించి మెల్లగా తిప్పుతూ నాన్న కళ్లు మూసుకుని దాని మీద అరచెయ్యి ఆనించేవాడు, నిద్రపోతున్న పిల్ల వీపు మీద పెట్టినట్టు. తల కొంచెం ఎడమవైపు వంచి, కింది పెదవి లోపలికి లాక్కునేవాడు. వెంట్రుకంత వంకర ఉన్నా ఆ చేతికి తెలిసిపోయేది. ఆ మొహం చూడడం కోసమే నేను కాలేజీ నుంచి రాగానే పుస్తకాలు గూట్లో పడేసి షెడ్డు గుమ్మంలో నిలబడేదాన్ని.

నేను డిగ్రీలో చేరేనాటికి నాన్న కళ్లకు శుక్లాలు వచ్చాయి. ఆపరేషనంటే భయం ఆయనకు. ‘రేపు పోదాం, ఎల్లుండి పోదాం’ అంటూ ఏళ్లు గడిపాడు. టేపు మీద గీతలు కనిపించేవి కావు. కాబట్టి కొలతలు నేను చదివేదాన్ని. “బిడ్డా, ఎంత?” అనేవాడు. “పద్దెనిమిది మీద మూడు సూతులు,” అనేదాన్ని. అంగుళంలో ఎనిమిదో వంతును అక్కడ సూతు అంటారు. ఆయన తలూపి, నేను చెప్పిన అంకె మీదే పైపు కోసేవాడు. ఒక్కసారి కూడా మళ్లీ చూడమనలేదు. నేనున్నంతకాలం ఆయనకు కళ్లున్నట్టే. నాకు మాత్రం అదొక సింహాసనం. కాలేజీలో నాకు ఫస్టు ర్యాంకు వచ్చిన రోజుకంటే, మా గల్లీలో ఎవరో “యాదగిరన్నకు బిడ్డ చెప్పకుంటె పనే నడువది,” అన్న రోజు ఎక్కువ ఎగిరాను.

అప్పుడు పక్క పోర్షన్‌లోకి రాజమండ్రి వైపు నుంచి ఒక కుటుంబం అద్దెకొచ్చింది. తండ్రి ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా, తల్లి కామేశ్వరమ్మగారు, ఒక్క కొడుకు సత్యమూర్తి. డిప్లొమా అయిపోయి ఉద్యోగం లేక ఖాళీగా ఉన్నాడు. నా వయసే. ఇస్త్రీ చొక్కా వేసుకుని షెడ్డు గుమ్మంలో నిలబడి, “ఏంటి బాబాయిగారూ, ఇది ఇలా తిరుగుతుంటే ఊగట్లేదేంటి?” అని అడిగాడు. అదీ మొదలు. బాబాయిగారట. మా వైపు ఆ పిలుపు లేదు. మా నాన్నను అన్న అనేవాళ్లు, సాబ్ అనేవాళ్లు, కాకా అనేవాళ్లు. ఎవరూ అంత మెత్తగా పిలవలేదు. నాన్న మొహం వెలిగిపోయింది. నేను చూస్తూనే ఉన్నాను.

నెల తిరిగేసరికి ఇస్త్రీ చొక్కా పోయి ఖాకీ చొక్కా వచ్చింది. రెండు నెలలకు నాన్న అతన్ని “కొడుకా” అనడం మొదలుపెట్టాడు. “గట్ల గాదు కొడుకా, కండ్లు మూసుకో. చెయ్యికి తెలుస్తది,” అంటూ తిరుగుతున్న షాఫ్టు మీద అతని అరచెయ్యి పట్టి ఆనించాడు. నాకు ఇరవయ్యేళ్లు వచ్చినా ఆ షాఫ్టు మీద నా చెయ్యి పెట్టించలేదు. ఒకసారి అడిగితే, “నీ చెయ్యి పాడైతది బిడ్డా, చదువుకునే చెయ్యి,” అన్నాడు. బండి కిందికి దూరి కొలత తీసే పని కూడా మూర్తిదైంది. “డ్రైవర్లుంటరు, మంది చూస్తరు, ఆడపిల్ల బండి కింద పండుకుంటె మంచిగుండదు,” అన్నాడు నాన్న. అతనొచ్చేదాకా గుర్తురాని మంచీచెడ్డా అతనొచ్చాక గుర్తొచ్చింది.

నేను ఎన్నింటికి కుళ్లుకున్నానో చెబితే నవ్వుతారు. అతని ముంజేతి మీద వెల్డింగు నిప్పురవ్వ పడి చింతగింజంత మచ్చ పడితే, నాకు లేదే అని కుళ్లుకున్నాను. ఎవరింట్లోనూ మంచినీళ్లు కూడా ముట్టని నాన్న సాయంత్రం కామేశ్వరమ్మగారి అరుగు మీద కూర్చుని ఫిల్టరు కాఫీ తాగి, “మస్తుందమ్మా,” అంటుంటే, మా ఇంట్లో అమ్మ పెట్టిన చాయ్ చల్లారిపోవడం చూసి ఉడికిపోయాను. అతను ఏదో అంటే నాన్న పగలబడి నవ్వేవాడు. నాతో మాట్లాడేటప్పుడు నాన్న నవ్వలేదని కాదు, అలా నవ్వలేదు. ఆ రోజుల్లో అమ్మకు వేరే అనుమానం ఉండేది. పొద్దస్తమానం పక్క పోర్షను వైపే చూస్తున్నానని ఒకరోజు నా జడ వేస్తూ, “ఏందే, ఆ పిలగాడంటె ఇష్టమా?” అని మెల్లగా అడిగింది. ఇష్టమైతే బాగుండేది. ఇష్టానికి ఏదో ఒక దారి దొరుకుతుంది. నాకు అతను అక్కర్లేదు. అతని చోటు కావాలి.

అలాంటి రోజుల్లో ఒక లారీ వచ్చింది. నాలుగు చక్రాలూ లాగే రకం, పాతది. బోర్లు వేసే కాంట్రాక్టరుది. వాగుల్లోంచి, చెలకల్లోంచి పోవాలని దాని కమానుల కింద, అంటే బండి బరువు మోసే వంపు ఇనుప పట్టీల కింద, దిమ్మెలు పెట్టి ఎత్తు పెంచుతున్నారు. ఎత్తు పెరిగితే ముందు షాఫ్టు అందదు కాబట్టి దాన్ని పొడుగు చేయమని మా షెడ్డుకు తెచ్చారు. డ్రైవరు ఖాసిం భాయ్ యాభై ఏళ్ల మనిషి, తన లారీని పేరు పెట్టి పిలిచేవాడు. నన్ను చూసి, “బేటీ, మంచిగ చదువుతున్నవా?” అని అడిగి, జేబులోంచి ఖర్జూరం తీసి చేతిలో పెట్టేవాడు.

కమానుల పని ఇంకా పూర్తికాలేదు. లారీ ముందు భాగమంతా చెక్క దుంగల మీద లేచి ఉంది. ముందు చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి. నాన్న, “కొడుకా, కొలత తియ్యి,” అన్నాడు. మూర్తి బండి కింద పడుకుని టేపు పట్టాడు. నేను వంటింటి మెట్ల మీద బియ్యం ఏరుతూ కూర్చున్నాను. అక్కడి నుంచి అంతా కనిపిస్తోంది. చక్రాలు వేలాడుతున్నప్పుడు ఇరుసు కిందికి జారి ఉంటుంది. బండిని నేల మీద పెట్టగానే బరువుకు ఇరుసు పైకొస్తుంది, మధ్య దూరం తగ్గుతుంది. ఇప్పుడు తీసిన కొలతకు షాఫ్టు చేస్తే, బండి కింద పెట్టాక గొట్టం జారడానికి సందు మిగలదు. పెద్ద గుంతలో పడితే షాఫ్టు పోయి గేరుబాక్సును గునపంలా పొడుస్తుంది. మూర్తి అంకె చెప్పాడు. నాన్న తలూపాడు, నాకు తలూపినట్టే. “శభాష్,” అన్నాడు. నన్ను ఎన్నడూ అనని మాట అది.

నేను చాట పక్కన పెట్టి లోపలికెళ్లి నోటుబుక్కులో కాగితం చింపి లెక్క కట్టాను. దిమ్మె ఎత్తు, కమాను వంగేదెంత, షాఫ్టు వాలు ఎంత. తేడా అంగుళంన్నర వచ్చింది. మళ్లీ కట్టాను. అంతే వచ్చింది. కాగితం మడిచి త్రికోణమితి పుస్తకంలో పెట్టుకుని, వచ్చి మళ్లీ బియ్యం ఏరుతూ కూర్చున్నాను. ఆ సాయంత్రం పైపు కోశారు. మర్నాడు కొత్త పైపు వేసి వెల్డింగు చేశారు. నాన్న చెయ్యి ఆనించి చూశాడు, వెంట్రుకంత వంకర లేదు. చక్రాలు గాల్లో ఉండగానే బిగించారు కాబట్టి చక్కగా అమరింది. రెండు రోజులు. రెండు రోజుల్లో ఒక్క మాట చెప్పడానికి నాకు నూరు అవకాశాలు. బండి వెనక్కొస్తుంది, చప్పుడు చేస్తుంది, నాన్న విసుక్కుంటాడు, మళ్లీ “బిడ్డా, ఎంత?” అంటాడు. నేను ఊహించింది అంతే. అంతకు మించి ఊహించలేదని ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. కానీ లెక్క కట్టిందాన్ని నేనే. గునపంలా పొడుస్తుందని నాకు తెలుసు.

నాలుగో రోజు కాంట్రాక్టరు మనిషి స్కూటరు మీద వచ్చాడు. వాగు దిగుతుంటే ముందు చక్రాలు ధడాల్న కిందికి పడ్డాయట. గేరుబాక్సు పగిలి, బండి ఉన్నచోటే బిగుసుకుపోయింది. ఖాసిం భాయ్ స్టీరింగుకు గుద్దుకున్నాడు. ఎడమ మణికట్టు నుజ్జయింది, రెండు పక్కటెముకలు విరిగాయి. దవాఖానలో ఉన్నాడు. నాన్న అలాగే కింద కూర్చుండిపోయాడు. మూర్తి మొహంలో నెత్తురు లేదు. “కొలత నాదే బాబాయిగారూ,” అన్నాడు. “నేను చూడాలె కొడుకా. బండి నా షెడ్డుకొచ్చింది, నీ దగ్గరికి రాలే. నా కండ్లు సక్కగుంటె గిట్ల కాకపోవు,” అన్నాడు నాన్న. ఇద్దరూ కలిసి దవాఖానకు పోయారు. పోయేటప్పుడు నాన్న చెయ్యి మూర్తి భుజం మీద ఉంది. ఇంత జరిగినా నేను చూసింది ఆ చేతినే.

మూడు రోజులు షెడ్డు మూసే ఉంది. మూడో రోజు మధ్యాహ్నం నాన్న ఆగిపోయిన లేతు పక్కన స్టూలు మీద కూర్చుని ఉంటే నేను కాగితం తీసుకుని వెళ్లాను. పశ్చాత్తాపంతో వెళ్లానని రాసుకోవచ్చు. అది అబద్ధమవుతుంది. నేనైతే తప్పు చేసేదాన్ని కానని నాన్నకు తెలియాలని వెళ్లాను.

“నాన్నా, ఆ కొలత తప్పని నాకు అప్పుడే తెలుసు. బండి కింద పెట్టినంక తీయాలె. అంగుళంన్నర తేడా వస్తదని లెక్క సుత కట్టిన,” అంటూ కాగితం చూపించాను.

నాన్నకు ఆ అంకెలు కనిపించవు. అయినా తీసుకుని మొహానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. “ఎప్పుడు కట్టినవ్?”

“ఆ దినమే.”

“షాఫ్టు కోయకముందా?”

“ముందే.”

ఆయన కాగితాన్ని ఉన్న మడత మీదే మడిచి నా చేతికిచ్చాడు. కోప్పడలేదు. కోప్పడితే ఏడ్చి బయటపడేదాన్ని. నిజంగా తనకు తెలియక అడుగుతున్నట్టు అడిగాడు. “మూర్తి తెలువక చేసిండు. వానితోని మల్ల చేయిస్త, నేర్చుకుంటడు. నువ్వు తెలిసి ఊకున్నవ్. నీతోని ఎట్ల పని చేయించుకోవాలె బిడ్డా?”

ఆయన లేచి, పెరట్లోకి వెళ్లి స్నానానికి నీళ్లు తోడుకున్నాడు. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు, మూర్తికీ చెప్పలేదు. తర్వాతి నెలలోనే, అన్నేళ్లు భయపడిన మనిషి, ఒక్కడే పోయి రెండు కళ్లకూ ఆపరేషను చేయించుకుని వచ్చాడు. సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని తన కొలతలు తనే చదువుకోవడం మొదలుపెట్టాడు. నాతో ప్రేమగానే ఉన్నాడు. ముద్దలు కలిపి పెట్టాడు, ఎమ్మెస్సీ చదివించాడు, పెళ్లి చేశాడు. “బిడ్డా, ఎంత?” అని మాత్రం చచ్చేదాకా అడగలేదు.

నేను అవే గల్లీల్లో, మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పాను. నా క్లాసులో ఒకటే నియమం. బోర్డు మీద నేను తప్పు రాస్తే చూసినవాళ్లు వెంటనే చెప్పాలి, పాఠం మధ్యలోనైనా సరే. చూసి కూడా ఊరుకున్నారని తెలిస్తే మాత్రం ఆ రోజంతా వాళ్లతో మాట్లాడేదాన్ని కాదు. పిల్లలు దాన్ని నా చాదస్తం అనుకునేవారు. నాన్న పోయాక షెడ్డు అమ్మేశాం. లేతు మూర్తికే పోవాలని నాన్న ముందే చెప్పి ఉంచాడు. దాన్ని ట్రాలీ మీదికి ఎక్కిస్తుంటే వరండాలో నిలబడి చూశాను. “తీసుకెళ్తున్నానండీ,” అన్నాడు మూర్తి. “తీసుకెళ్లండి,” అన్నాను. అదే మా ఆఖరి మాట.

శనివారం స్రవంతి జీపెక్కి సనత్‌నగర్ వెళ్లాం. ఫ్యాక్టరీ గోడల మధ్య ఒక పెద్ద షెడ్డు, పని చేసేవాళ్లు ముగ్గురు, వరుసగా నిలబెట్టిన షాఫ్టులు. మూర్తి తల ముగ్గుబుట్టయింది. నడుం కొంచెం వంగింది. ముందు స్రవంతినీ తర్వాత నన్నూ చూశాడు. “భాగ్యంగారు కదూ?” అని చెయ్యి తుడుచుకుంటూ కుర్చీ వేయించాడు. మూలన మా లేతు తిరుగుతూనే ఉంది, రంగు కూడా మార్చలేదు. నా వయసువాళ్లంతా పార్కుల్లో నడుస్తున్నారు. ఇతను ఇంకా పని చేస్తున్నాడు, ఇతని కోసం మనుషులు బండ్లు వేసుకుని వస్తున్నారు. నేను రిటైరైన మర్నాటి నుంచి నన్ను ఎవరూ ఏ లెక్కా అడగలేదు, మనవరాలు తప్ప. కూర్చున్న ఐదు నిమిషాల్లో ఇదంతా మనసులో తిరిగిపోయింది.

అతను జీపును నేల మీద నిలబెట్టి కొలిచాడు. తర్వాత ముందు చక్రాలు వేలాడేలా జాకీ ఎత్తించి కొలిచాడు. తర్వాత ఒక చక్రాన్ని ఏటవాలు బల్ల మీదికి ఎక్కించి, కమాను పూర్తిగా నొక్కుకుపోయాక మళ్లీ కొలిచాడు. మూడు అంకెలూ సుద్దముక్కతో నేల మీద రాసుకున్నాడు. “ఇన్నిసార్లా అంకుల్?” అని స్రవంతి అడిగింది. “ఒకసారి ఒక్క కొలతకే చేశానమ్మా. ఒక పెద్దాయన చెయ్యి పోయింది,” అన్నాడు, నా వైపు చూడకుండానే. గొట్టం కోశాడు. రెండంగుళాలు ఎక్కువ ఉన్న కొత్త గొట్టం పెట్టి, రెండు కొసల చెవులూ ఒకే వరసలో ఉన్నాయా లేదా అని వంగి చూసి, నాలుగు చోట్ల చుక్కలు పెట్టినట్టు వెల్డింగు చేశాడు. మా లేతుకు ఎక్కించి మెల్లగా తిప్పాడు. కళ్లు మూసుకున్నాడు. తల కొంచెం ఎడమవైపు వంచాడు. కింది పెదవి లోపలికి లాక్కున్నాడు. అరచెయ్యి ఆనించాడు.

అది మా నాన్న మొహం. నాకు నాన్న ముక్కు వచ్చింది, గొంతు వచ్చింది, బీపీ వచ్చింది. ఆ మొహం మాత్రం రాలేదు. అది ఇతనికి పోయింది. లేచి షెడ్డులోంచి వెళ్లిపోదామనిపించింది. ఏడుపొచ్చిందంటే ఒప్పుకోను, అది ఒట్టి కోపం. స్రవంతి ఫోను మాట్లాడుతూ బయటికెళ్లింది. నేను లేతు దగ్గరికి నడిచాను.

“మూర్తిగారూ, ఖాసిం భాయ్ లారీ కొలత తప్పని నాకు ఆ రోజే తెలుసు. మీరు బండి కింద ఉన్నప్పుడే తెలుసు. చెప్పలేదు.”

అతను మిషను ఆపాడు. “ఎందుకండీ?”

“మా నాన్న మిమ్మల్ని శభాష్ అన్నాడు. అందుకు.”

మాసిన గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు. “ఖాసిం భాయ్ పోయేదాకా ప్రతి రంజానుకూ వాళ్లింటికి వెళ్లానండీ,” అన్నాడు చివరికి. “ఆ చెయ్యి మళ్లీ గేరు వెయ్యలేదు. వాచ్‌మన్ పని చేశాడు. నన్నెప్పుడూ ఏమీ అనలేదు, సేమ్యా పెట్టి పంపించేవాడు. ఆ గిన్నె పట్టుకోలేక పట్టుకునేవాణ్ని. మీరొక్క మాట చెప్పాల్సింది.”

“చెప్పాల్సింది.”

“బాబాయిగారికి తెలుసా?”

“నేనే చెప్పాను. తర్వాత.”

“నాతో ఎప్పుడూ అనలేదాయన,” అన్నాడు. నాన్న అతని దగ్గర దాచింది ఒకటుందని, అది నా కోసం దాచాడని, నాకు ఆ క్షణంలోనే తట్టింది. ఆయన నా పనిని నా చేతుల్లోంచి తీసేసుకున్నాడు గానీ, నా పరువు చచ్చేదాకా కాపాడాడు. ఇన్నేళ్లూ మొదటిది మాత్రమే లెక్క పెట్టుకున్నాను.

మూర్తి కోపంగా ఉన్నాడు. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. వెనక్కి తిరిగి మిషను ఆన్ చేసి మిగతా వెల్డింగు పూర్తి చేశాడు. మధ్యాహ్నానికి షాఫ్టు బిగించారు. స్రవంతికి గ్రీజు ఎప్పుడెప్పుడు వేయించాలో, రాళ్ల మీద ఎంత నెమ్మదిగా పోవాలో ఓపిగ్గా చెప్పాడు. జీపు ఎక్కడానికి నా మోకాళ్లు సహకరించలేదు. ఒక చెక్క దిమ్మె తెచ్చి వేసి, నేను ఎక్కేదాకా పట్టుకుని నిలబడ్డాడు. తలుపు వేస్తూ, “ఇంకోసారి బండి పని లేకుండా రండి భాగ్యంగారూ,” అని, నేను జవాబు చెప్పేలోపే లోపలికి వెళ్లిపోయాడు.

తిరిగి వస్తూ స్రవంతి సనత్‌నగర్ దాటగానే జీపును కావాలని ఒక గుంతలో దించింది. చప్పుడు లేదు. ఎర్రగడ్డ, ఎస్సార్ నగర్, మెట్రో స్తంభాల నీడలు ఒకటొకటిగా మీద పడుతున్నాయి. మా గల్లీ మొదట్లో ఇప్పుడు ఐదంతస్తుల హాస్టలుంది. బాల్కనీల నిండా ఆరేసిన చొక్కాలు, కింద బ్యాగులేసుకున్న పిల్లలు వాళ్ల వాళ్ల క్లాసులకు పరుగెత్తుతున్నారు. షెడ్డున్న చోట జిరాక్సు మిషన్లున్నాయి. అప్పుడు ఈ దారిలో లారీ ఆగితే ఎవరిదో, ఏం పాడైందో గల్లీ అంతటికీ తెలిసేది. ఇప్పుడు ఆ గల్లీలో నా పేరు తెలిసినవాళ్లు కూడా లేరు. దానికి పెద్ద బాధేం లేదు. నేను పోగొట్టుకున్నది ఊరు మారడం వల్ల పోలేదు.

“అసలు వైబ్రేషనే లేదు ఆంటీ. సూపర్‌గా చేశారు కదా ఆయన?” అంది స్రవంతి మైత్రీవనం దగ్గర. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. పిల్ల నా మొహం చూసి, వినబడలేదనుకుని ఊరుకుంది. అమీర్‌పేట సిగ్నల్ పడింది, చాలాసేపు ఆగాం, మళ్లీ వదిలారు. పంజాగుట్ట దగ్గరపడుతుండగా అన్నాను, “అవును, బాగా చేశాడు.”